సంచక్క భయం

వీధి తాగుబోతుల మధ్య చేసే ఆ ఉద్యోగానికి ముందుగా కావలసింది గుండె ధైర్యమని అందరూ అంటారు. సంచక్క దగ్గర అది మచ్చుకైనా లేదు. గదిలో బల్లి కనిపిస్తే ఇక ఆ గది బల్లిదే. కుక్క మొరిగితే వచ్చిన దారినే వెనక్కి. రోడ్డు దాటాల్సి వస్తే పక్కనున్నది ఎవరో కూడా చూడకుండా మోచెయ్యి పట్టేసుకుంటుంది. ఒకసారి అలా కొత్త పెళ్ళికొడుకు చెయ్యి పట్టుకుంటే, అవతలి పక్కకు చేరేదాకా అతని భార్య చూసిన చూపు ఆమెకు ఇంకా గుర్తుంది.

ఆమె భర్త లిఫ్టులు బాగుచేసే మనిషి. ఊళ్ళో సగం మేడల్లో లిఫ్టులు నడుస్తున్నాయంటే ఆయన చలవే. ఆయన భార్య మాత్రం ఇంతవరకూ లిఫ్టు ఎక్కలేదు, ఎన్ని అంతస్తులైనా రొప్పుకుంటూ మెట్ల మీదే వస్తుంది. నేను బాగుచేసిన లిఫ్టే కదే, నామీద నమ్మకం లేదా అని ఆయన అడిగితే, నువ్వు బాగుచేశావంటే అది ఒకసారి చెడిందనేగా అంటుంది.

ఇంత పిరికి మనిషి తాగుబోతుల మధ్యకు ఎలా వచ్చి పడిందంటే, అది వాళ్ళమ్మ పుణ్యం. ఆ తల్లి చిన్నతనంలో కూలి పనికి ఎక్కడినుంచో వలస వచ్చింది. పెళ్ళై ఇక్కడే స్థిరపడినా, పిల్లల్ని తిట్టడానికి మాత్రం చివరిదాకా పుట్టింటి భాషే వాడింది. అందుకని సంచక్కకు ఆ భాషలో తిట్లు ముందు, మంచిమాటలు తరవాత వచ్చాయి. ఆమె ఆసుపత్రి కుట్టుగదిలో రోగుల గౌన్లకూ దుప్పట్లకూ అంచులు కుట్టేది. ఆ గది మూతపడ్డప్పుడు, అక్కడే పనిచేసిన ఒక పెద్ద నర్సమ్మ ఆమెను పిలిచింది. నర్సమ్మ అప్పటికే రిటైరై, వీధుల్లో తాగి పడి ఉండే వలస కూలీల కోసం ఒక చిన్న సంస్థ నడుపుతోంది. వాళ్ళ భాష వచ్చిన మనిషి ఒకరు కావాలంది. సంచక్క, నాకు భయమమ్మా అంది. నర్సమ్మ, భయపడుతూనే రా, జీతం ఇస్తాను అంది.

పని వినడానికి చిన్నదే. పొద్దున్నే భుజాన పెద్ద సంచి వేసుకుని బస్సు డిపో వెనక్కి వెళ్ళాలి. సంచిలో మంచినీళ్ళు, ఉడికించిన గుడ్లు, బ్రెడ్డు, నరాలకు బలమిచ్చే విటమిన్ బిళ్ళలు, గుడ్డ కట్లు, ఉతికిన మేజోళ్ళు ఉంటాయి. అక్కడ మూతబడ్డ కోల్డ్ స్టోరేజీ అరుగు మీద కూర్చునే మనుషులకు అవి ఇచ్చి, నాలుగు మాటలు మాట్లాడి, ఎవరి ఒంట్లో ఎలా ఉందో చూడాలి. ఆసుపత్రికి వస్తామన్నవాణ్ణి తీసుకెళ్ళాలి, రానన్నవాణ్ణి మర్నాడు మళ్ళీ అడగాలి. వాళ్ళంతా ఒకప్పుడు పరంజాలు కట్టినవాళ్ళు, రంగులు వేసినవాళ్ళు, లారీలు నడిపినవాళ్ళు. పని పోయి, ఇక్కడ ఉండనిచ్చే కాగితాల గడువు దాటి, ఇంటికి వెళ్ళే ముఖం లేక అక్కడ చేరారు.

వాళ్ళకు ఒక కట్టుబాటు ఉంది. పొద్దున మొదటి సీసా మూత తీసే ముందు అందరూ చేతులు చాపుతారు. ఎవరి చెయ్యి ఎక్కువ వణికితే మొదటి గుక్క వాడిది. దాన్ని వణుకు వాటా అంటారు. ఎంత కరువులోనైనా ఆ వాటా దగ్గర మోసం జరగదు. సంచక్క మొదటిరోజు వెళ్ళి నీళ్ళ సీసా అందిస్తుంటే, ఆమె చేతుల వణుకుకు సగం నీళ్ళు నేలపాలయ్యాయి. వాళ్ళందరికీ పెద్దదిక్కైన పరంజా మేస్త్రి అది చూసి, ఇవాళ వాటా ఈవిడకే పొయ్యండిరా అన్నాడు. అరుగంతా నవ్వింది. ఆమె వాళ్ళమ్మ భాషలో ఒక తిట్టు తిట్టింది. ఆ తిట్టు విని ఒకడు కళ్ళు తుడుచుకున్నాడు. ఆ రోజు నుంచి ఆమె వాళ్ళకు సంచి మోసే అక్క, సంచక్క.

ఏళ్ళు గడిచినా భయం మాత్రం తగ్గలేదు. రోజూ డిపో మలుపు తిరిగేటప్పుడు, ఇవాళ ఎవరు లేవకుండా ఉన్నారో అని అడుగు నెమ్మదిస్తుంది. దూరం నుంచే తలలు లెక్కపెట్టుకుంటుంది. వణుకు వాటా ఎవరికి వెళ్ళిందో చూస్తుంది, ఎందుకంటే నర్సమ్మ అడిగే మొదటి ప్రశ్న అదే.

ఆ వాటా ఎక్కువగా పెయింటరుదే. ఎత్తు మేడలకు తాళ్ళ మీద వేలాడుతూ రంగులు వేసిన మనిషి, మాటకారి. సంచక్కను పిరికక్కా అని పిలిచే హక్కు అతనొక్కడికే ఉంది. అతనికి ఒకసారి అరుగు మీదే ఫిట్స్ వచ్చాయి. అప్పుడు నర్సమ్మ వచ్చి అందరినీ కూర్చోబెట్టి చెప్పింది. ఏళ్ళ తరబడి తాగిన ఒళ్ళు ఒక్కసారిగా మానితే తిరగబడుతుంది. మొదట వణుకు, చెమటలు. రెండో రోజో మూడో రోజో లేనివి కనిపిస్తాయి, ఫిట్స్ వస్తాయి, ప్రాణం పోవచ్చు. మానడానికి ఆసుపత్రిలో మంచం కావాలి, మందులు కావాలి. మంచం దొరికేదాకా కొద్దికొద్దిగా తగ్గించుకోండి గానీ ఒక్కసారి ఆపకండి. అందరూ బుద్ధిగా తలలూపారు. ఆమె వెళ్ళాక, మానిపించే సంస్థ మానొద్దంటుందేమిట్రా అని పొట్టలు పట్టుకుని నవ్వారు. పెయింటరు పేరు మాత్రం మంచం కోసం రాసుకున్నారు. ఇంకా పిలుపు రాలేదు.

అంతలో అతని భార్య వస్తున్నానని ఫోను చేసింది. ఆ మాట అతనే సంచక్కకు చెప్పాడు, నవ్వకుండా. చుక్క తాగినట్టు తెలిసినా పిల్లలకు నాన్న లేడని చెప్పేస్తానందట. మంచం సంగతి తొందరగా కనుక్కో అక్కా అన్నాడు. ఆమె కనుక్కుంది. వచ్చే వారం అన్నారు.

తరవాతి రెండు రోజులు సంచక్కకు జ్వరం. మూడో రోజు వెళ్ళేసరికి అరుగు మీద పెయింటరు చోటు ఖాళీగా ఉంది. వణుకు వాటా లారీ డ్రైవరుకు వెళ్ళింది. మామూలుగా ఆమె రాగానే సంచి మీద పడే మనుషులు తేలు కుట్టిన దొంగల్లా నేల చూస్తూ కూర్చున్నారు. పెయింటరేడని అడిగింది. పెళ్ళాం వచ్చి తీసుకెళ్ళిపోయింది, బస్సెక్కించాం అన్నాడు మేస్త్రి. ఏ ఊరి బస్సని అడిగితే మేస్త్రి ఒక ఊరు చెప్పాడు, అదే క్షణంలో డ్రైవరు ఇంకో ఊరు చెప్పాడు.

దాచిన గొప్ప కడుపులో నిలవక చివరికి మేస్త్రే నోరు జారాడు.

“ఎక్కడుంటే ఏంలే అక్కా. మొన్న పొద్దుటి నుంచీ చుక్క ముట్టలేదు మావాడు. మగాడంటే వాడు.”

సంచక్కకు పై ప్రాణాలు పైనే పోయాయి. మొన్న, నిన్న, ఇవాళ అని వేళ్ళు ముడిచింది. నర్సమ్మ చెప్పిన లెక్క సరిగ్గా అక్కడికే వచ్చి ఆగింది. ఎక్కడ పెట్టారని అడిగింది. ఎక్కడో చెప్పకూడదని అరుగంతా ఒట్టు వేసుకుంది. పెయింటరే తనను ఎక్కడైనా పెట్టి తాళం వేయమని కాళ్ళు పట్టుకున్నాడట. మేస్త్రి మేనమామను కూడా ఒకప్పుడు ఇలాగే గదిలో పెట్టి తాళం వేశారట, మళ్ళీ జన్మలో ముట్టలేదట. ఆ మామ ఆ తరవాత ఎన్నాళ్ళో బతకలేదన్న సంగతిని మేస్త్రి ఎప్పుడూ దీనితో కలిపి చూడలేదు. పైగా నీకు చెబితే అంబులెన్సు అంటావు అక్కా, దాని వెనక పోలీసులు వస్తారు, కాగితాలు అడుగుతారు అన్నాడు.

“చచ్చిపోతాడు మేస్త్రీ. నాకు భయంగా ఉంది.”

“ఆమధ్య సంచిలో బొద్దింక ఉన్నప్పుడూ ఇదే మాటన్నావు కదక్కా.”

అరుగు మీద నవ్వు లేచింది. సంచక్క నవ్వలేకపోయింది. అయినదానికీ కానిదానికీ భయపడి భయపడి, అసలైన రోజున తన భయానికి విలువ లేకుండా చేసుకున్నానని ఆమెకు అప్పుడు తెలిసొచ్చింది. గట్టిగా అరవడం చేతకాదు, బెదిరించడం అంతకన్నా రాదు. సంచి తీసుకుని లేచింది.

డిపో కాపలావాడు సాయంత్రాలు ఈ అరుగు మీదికే వస్తాడు. అతని దగ్గర తాళాలుండే గదులు డిపో వెనక వరసలో ఉన్నాయి. ఆ వరస ముందు ఎప్పుడూ రెండు కుక్కలు పడుకుని ఉంటాయని ఆ పక్కకు ఆమె ఏనాడూ వెళ్ళలేదు. ఆ రోజు సంచిని గుండెలకు అదుముకుని, నర్సమ్మకు ఫోను చేస్తూ, వాటి మధ్య నుంచే నడిచింది. కుక్కలంటే భయం పోలేదు, అంతకంటే పెద్ద భయం వెనకనుంచి నెట్టింది. నర్సమ్మ అంబులెన్సు పంపుతున్నానంది. మనిషి దొరకగానే చెప్పు, ఫోను పెట్టేయకు అంది.

చివరి గది ముందు ఒకావిడ బోర్లించిన బకెట్టు మీద కూర్చుని ఉంది. ఒళ్ళో బట్టల మూట, గుప్పిట్లో తాళంచెవి. రాత్రంతా నిద్ర లేని కళ్ళు. గది లోపల ఎవరో ఎవరితోనో మాట్లాడుతున్నట్టు వినిపిస్తోంది. బతిమాలుతున్నాడు, హెచ్చరిస్తున్నాడు, ఉన్నట్టుండి కేక వేస్తున్నాడు. సంచక్క ఆవిడ పెయింటరు భార్యేనని పోల్చుకుని, తానెవరో చెప్పి, తలుపు తియ్యమ్మా అంది.

ఆవిడ గుప్పిట ఇంకా బిగించింది. ఇవన్నీ మందు కోసం వేషాలని మేస్త్రి ముందే చెప్పాడట. ఏమన్నా, ఏం చేసినా రేపటిదాకా తియ్యొద్దన్నాడట. తాగుడు మాన్పించడానికి జీతం తీసుకునే మనిషివి, నువ్వే వచ్చి తియ్యమంటావేమిటని అడిగింది. లోపల ఎవరున్నారమ్మా, ఎవరితో మాట్లాడుతున్నాడు అని సంచక్క అడిగింది. ఎవరూ లేరు అని ఆవిడ అంది. అంటూనే తలుపు వైపు తిరిగి చూసింది. తెల్లారినప్పటి నుంచీ దానికే భయపడుతూ కూర్చున్నట్టుంది పాపం.

“నేను బల్లికి కూడా భయపడతాను చెల్లీ, నన్ను చూసి అందరూ నవ్వుతారు,” అంది సంచక్క. “ఇది అలాంటి భయం కాదు. తాళం వేసింది అతని మంచికే. కానీ ఇంకాసేపుంటే మానిన మనిషి మిగలడు.”

ఆవిడ ఆమె ముఖంలోకి చూసింది, గడగడలాడుతున్న చేతుల వైపు చూసింది. తరవాత లేచి తాళం తీసింది.

లోపల పాత టైర్లు మనిషెత్తు దాటి దొంతర్లుగా ఉన్నాయి. రబ్బరు వాసన, ఉక్క. అన్నిటికంటే పెద్ద దొంతర మీద పెయింటరు నక్కి ఉన్నాడు. చొక్కా పిండితే చెమట కారేలా ఉంది. ఒక చేత్తో పైకప్పు గొట్టం పట్టుకున్నాడు. ఇంకో చేత్తో గోడకు రంగు వేస్తున్నాడు, చేతిలో ఏమీ లేకుండా. దగ్గరికి రావద్దు, చెక్క ఊగుతోంది, కింద జనం ఉన్నారు, పడిపోతాను అంటున్నాడు. భార్య అతన్ని పేరు పెట్టి పిలిస్తే ఒక్క క్షణం గుర్తుపట్టి, నువ్వెందుకు ఎక్కావే ఇంతెత్తుకు అని ఏడ్చాడు. ఆవిడ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

నర్సమ్మ ఫోనులో అడిగింది. తెలివిలో ఉన్నాడా, మింగగలడా, పిలిస్తే పలుకుతున్నాడా. పలుకుతున్నాడంది సంచక్క. అంబులెన్సు డిపో గేటు దగ్గర బస్సుల మధ్య ఇరుక్కుందని, ఈలోగా అతన్ని దింపి, నిటారుగా కూర్చోబెట్టి, తాగేది ఏదైనా ఉంటే మూతతో కొంచెం కొంచెం ఇవ్వమని చెప్పింది. చుక్క కూడా బలవంతంగా పోయొద్దంది. మందా అమ్మా అని అడిగింది సంచక్క, సరిగ్గా విన్నానా అని. అవును మందే, ఇప్పుడు అతనికి అదే ఔషధం అంది నర్సమ్మ.

వెనక అడుగుల చప్పుడైంది. మేస్త్రి వచ్చాడు. నవ్వి పంపించాడే గానీ అరుగు మీద కూర్చోలేకపోయినట్టున్నాడు. దొంతర మీదికి చూసి గుమ్మం పట్టుకున్నాడు. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందని ఎవరూ అతనికి చెప్పనక్కర్లేకపోయింది.

సంచక్క టైరు మీద కాలు పెట్టింది. స్టూలెక్కి బల్బు మార్చని మనిషి ఒక టైరు ఎక్కింది, ఇంకొకటి ఎక్కింది. దొంతర కదిలింది, ఆమె టైరును వాటేసుకుంది. పెయింటరు, పిరికక్కా, రాకు, ఊడిపోతుంది అని అరిచాడు. అప్పుడు కింద నుంచి మేస్త్రి గొంతు లేచింది. అది అరుగు మీది గొంతు కాదు. ఎన్నో మేడల కింద నిలబడి పైవాళ్ళను నడిపించిన పాత గొంతు.

“అది నేను కట్టిన పరంజారా. ఊడదు. ఎడమ కాలు కిందికి పెట్టు. అక్క చెయ్యి పట్టుకో.”

పెయింటరు ఎడమ కాలు కిందికి పెట్టాడు.

అతన్ని గోడకు ఆనించి కూర్చోబెట్టారు. మేస్త్రి నడుం దగ్గర నుంచి సీసా తీశాడు. మూత తీయబోతే అతని చేతులు వణికాయి. సంచక్క తీసుకుంటే ఆమె చేతులు అంతకంటే వణికాయి, రెండు మూతల మందు నేలపాలైంది. గదిలో వణకని చేతులు ఒక్క భార్యవే. ఆవిడ సీసాను చూసింది. పిల్లల మీద ఒట్టు వేయించి, ఇంత దూరం బస్సుల మీద వచ్చి, ఈ గది ముందు కాపలా కూర్చున్నది అది అతని నోటికి చేరకూడదనే. సంచక్క చేతిలోంచి దాన్ని అందుకుంది. మూతలో పోసి, అతని గడ్డం పట్టుకుని పెదాలకు ఆనించింది. మింగు అంది. అతను మింగాడు. కాసేపు ఆగి మళ్ళీ పోసింది. ఆవిడ కన్నీళ్ళు ధారగా కారుతున్నాయి, చెయ్యి మాత్రం కదలలేదు. సంచక్క తన జీవితంలో అంత భయంకరమైన పని ఎవరూ చేయగా చూడలేదు.

అంబులెన్సు లోపలికి రాలేనంది. మేస్త్రి పెయింటరును వీపు మీద వేసుకుని బస్సుల సందుల్లోంచి గేటుదాకా మోశాడు. కాగితాల మాట, పోలీసుల మాట ఎత్తలేదు, తానూ బండెక్కి కూర్చున్నాడు. దారిలో ఫిట్స్ వచ్చాయి. ఒళ్ళు విల్లులా వంగింది, కళ్ళు తేలేశాడు. బండిలో ఉన్నతను సూది మందు ఎక్కిస్తుంటే సంచక్క కళ్ళు గట్టిగా మూసుకుని, ఎవరిదో చెయ్యి పట్టుకుంది. తరవాత చూస్తే అది భార్య చెయ్యి.

ఆసుపత్రి వరండాలో చాలాసేపు కూర్చున్నారు. నర్సమ్మ వచ్చి లోపలికి వెళ్ళింది, బయటకు వచ్చింది. బతుకుతాడంది. ఇంకొంచెం ఆలస్యమైతే చెప్పలేకపోయేదాన్నంది. ఇప్పుడు మంచం దొరికింది కనుక, ఇక్కడే పద్ధతిగా మాన్పిస్తారని చెప్పి మళ్ళీ లోపలికి వెళ్ళింది. భార్య రెండు అరచేతులూ చాపి చూసుకుంది.

“నా చేత్తోనే తాగించానక్కా,” అంది.

“అవునమ్మా. అందుకే ఉన్నాడు.”

ఇంతసేపూ గోడవైపు తిరిగి కూర్చున్న మేస్త్రి అప్పుడు లేచాడు. వరండా చివర కుళాయి దగ్గరికి వెళ్ళి, నడుములోని సీసా తీసి, మిగిలినదంతా తూములో ఒంపేశాడు. తిరిగి వచ్చి ఇద్దరి ముందూ నిలబడ్డాడు. ముఖం నిండా చెమట. పొద్దున తన వాటా తాగకుండానే పరుగెత్తి వచ్చాడని సంచక్కకు అప్పుడు తట్టింది.

“వాణ్ణి చంపబోయింది నేనే చెల్లీ. నీ పిల్లల మీద ఒట్టు. ఈ క్షణం నుంచి నేను చుక్క ముట్టను,” అన్నాడు.

సంచక్క నోరు తెరిచేలోగా భార్య లేచింది. మేస్త్రి రెండు చేతులూ పట్టుకుని బలవంతంగా బెంచీ మీద కూర్చోబెట్టింది.

“వద్దన్నా,” అంది. “ఇవాళ మానొద్దు.”

అతను అర్థం కానట్టు చూశాడు. ఆవిడ అతని చేతులు వదలకుండానే సంచక్క వైపు తిరిగి, నర్సమ్మను పిలవమంది. నర్సమ్మ పై అంతస్తుకు వెళ్ళిందని ఎవరో చెప్పారు. మెట్లు వరండా అవతలి చివర ఎక్కడో ఉన్నాయి. సంచక్క ఎదురుగా తెరుచుకున్న లిఫ్టులోకి వెళ్ళి బటను నొక్కింది.